మింగిన మాటలకు చోటు

శనివారం పొద్దున అమెరికాలో షాంటిలీ అనే ఊళ్ళో ఆ ఇంటి పద్ధతి ఏళ్ళ తరబడి ఒకటే. రఘు వాక్యూమ్ చేస్తాడు, త్రివేణి గ్రైండర్‌లో ఇడ్లీపిండి వేస్తుంది, కూతురు అనుష్క తెలుగు క్లాసు హోంవర్క్ చేస్తున్నట్టు నటిస్తుంది. తరవాత ముగ్గురూ ఉప్మా తిని, ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి, కొసలు విరిచి చూసి మరీ బెండకాయలు ఏరుకొస్తారు. ఆ శనివారం మాత్రం వాక్యూమ్ మోగలేదు. రఘు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

సంగతేమిటంటే, ఆ రెండు వేల పదిహేను వేసవిలో, భర్త వీసా మీద వచ్చి ఇంటిపట్టున ఉండిపోయిన ఆడవాళ్ళకి ఉద్యోగం చేసుకునే పర్మిట్లు రావడం మొదలైంది. త్రివేణికీ వచ్చింది. పర్మిట్ కార్డు పోస్టులో వచ్చిన రోజు దాన్ని దేవుడి దగ్గర పెట్టి, బొట్టు పెట్టబోయి, తన ఫోటో మీద మరక పడుతుందని ఆగింది. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి. ఇప్పుడు పక్క ఊళ్ళో ఒక చిన్న కంపెనీ పిలిచింది. ముందుగా ఈ ఆదివారం నాలుగింటికి ఆన్‌లైన్ టెస్ట్ రాయాలి, దానికో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి. రఘు లాప్‌టాప్ ఆఫీసుది, దాంట్లో ఎక్కించనివ్వరు. ఇంటి కంప్యూటరేమో చోటు లేదంటోంది. ఈ టెస్ట్ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

రఘు లెక్క తీశాడు. ఫోటోలు, సినిమాలు, అనుష్క బర్త్‌డే వీడియోలు అన్నీ కలిపినా డిస్క్‌లో సగం లేవు. మరి మిగతా సగం ఏమైనట్టు? రీసైకిల్ బిన్ ఖాళీ చేశాడు, పనికిరానివన్నీ ఊడ్చేశాడు. సినిమాలు తీసేస్తే కాస్త చోటు దొరికింది. కాఫీ తాగి వచ్చేసరికి అదీ నిండిపోయింది.

"ఎందుకండీ అంత వెతుకులాట? మాటలే అయ్యుంటాయి" అంది త్రివేణి.

మాటల సంగతి అక్కడ తెలియనివాళ్ళు లేరు. నోటిదాకా వచ్చిన మాట మింగేస్తే అది పోయి ఇంటి కంప్యూటర్‌లో కూర్చుంటుంది. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో బిర్యానీ ప్లేట్లు పట్టుకుని మగవాళ్ళు కొలెస్ట్రాల్ గురించి మాట్లాడుకున్నట్టే దీని గురించీ మాట్లాడుకుంటారు. కేశవరావు గారింట్లో ఆయన బావమరిది మకాం వేసిన వేసవిలో వాళ్ళ కంప్యూటర్ ఆన్ అవడమే మానేసింది. దీనికి మందు అందరికీ తెలిసిందే. కూర్చుని వినాలి. మాట ఎవరి కోసం పుట్టిందో వాళ్ళు వింటే చెరిగిపోతుంది. కానీ వినే ధైర్యం ఎవరికుంది?

అందుకే రఘు సుళువు దారి పట్టాడు. ప్రతి పెళ్ళిరోజుకీ ఇంకాస్త పెద్ద హార్డ్ డ్రైవ్ కొని, రిబ్బన్ కట్టి త్రివేణి చేతిలో పెట్టేవాడు. చీర తెస్తాడేమోనని చూసిన మనిషి "థాంక్సండీ" అని, అనాలనుకున్నది కాస్తా మింగేసేది. కొత్త డ్రైవ్‌కి బోణీ ఆ మాటే.

ఇప్పుడూ ఇంకోటి కొనుక్కొస్తానని కారు తాళాలు తీశాడు. త్రివేణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్ని కొంటారు? ఇలా రండి, విందాం."

మొదటిది వాళ్ళ తొలి చలికాలం నాటిది. కొత్త పెళ్ళికూతురి గొంతు, సన్నగా వణుకుతూ, "ఈ మంచు చూస్తే ఏడుపొస్తోందండీ, ఇవాళ ఆఫీసు మానెయ్యరూ" అంది. వెనకాల పాత అపార్ట్‌మెంట్ హీటర్ టకటకలు, గాస్కెట్ పోయిన కుక్కర్ బుస్సుమనడం. రఘుకి నవ్వొచ్చింది. ఆ కుక్కర్‌ని మూత మీద బరువు పెట్టి ఎన్నాళ్ళు వాడారో! తరవాతది అతనిదే. "తలుపు తీసే మనిషి ఉంటే ఇల్లు ఎంత బాగుందో." ఆ సాయంత్రం ఇది మింగేసి, పోస్ట్ వచ్చిందా అని మాత్రమే అడిగాడు. నేల మీద పరుపు, అట్టపెట్టె మీద టీవీ, కిటికీ బయట ఒకటే మంచు. త్రివేణికి ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళాలనిపించింది. రెండోసారి విందామని నొక్కితే అది లేదు. మాటతో పాటు కుక్కర్ కూడా చెరిగిపోయింది.

విన్నకొద్దీ చోటు దొరుకుతోంది. లేఆఫ్‌ల ఏడాది రఘు మింగిన భయం వచ్చింది. ఆ వారమంతా కరెంటు బిల్లు మీద తనని ఎందుకు విసుక్కున్నాడో త్రివేణికి ఇన్నాళ్ళకి అర్థమైంది. తరవాత తనది. "మీ ఆఫీసు కబుర్లు వింటుంటే కడుపు మండిపోతోంది. నేనూ మీ అంత చదివాను." రఘు లేచి వెళ్ళి ఆమెకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆదివారం భోజనాల వేళకి అన్నీ అయిపోయాయి. అయినా చోటు చాల్లేదు.

"మమ్మీ, ఇది చూడు. ఇది పెద్దగా అవుతుంది" అని అనుష్క తెర మీద వేలు పెట్టింది.

ఒక్క ఫైలు మిగిలింది. చూస్తుండగానే పెరుగుతోంది. ఎంత నొక్కినా తెరుచుకోదు. ఇంకా గొంతులోనే ఉన్న మాట అంతే, తెరుచుకోదు. దాని తేదీ త్రివేణికి కంఠతా వచ్చు. కార్డు వచ్చిన రోజు. ఆ రోజు తను ఏ మాటా మింగలేదు, ఊరందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

రఘు గిన్నెలు కడుగుతానని లేచాడు.

"కూర్చోండి. ఏమిటో చెప్పండి."

అతను అనుష్కని పైకి పంపాడు. "డాలస్ వెళ్తావా అని మేనేజర్ అడిగాడు. అక్కడ టీమ్ నా చేతికిస్తారట. సరేనన్నాను. ఇంకా సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రం నీకు చెబుదామనే వచ్చాను. నువ్వు కార్డు దేవుడి దగ్గర పెడుతున్నావు."

ఫైలు పెరగడం ఆగి, తగ్గడం మొదలైంది. త్రివేణి నోటికి అలవాటైన మాట వచ్చేసింది, సరే లెండి, మీ ఇష్టం అని. ఇన్నేళ్ళూ ఆ మాట పైకి అని, అసలు మాట లోపలికి మింగింది. ఈసారి అసలు మాటే అంది.

"నేను రాను. టెస్ట్ రాస్తాను. రేపు ఆఫీసుకెళ్ళి కాదని చెప్పండి."

తెర మీద ఫైలు పోయింది. డిస్క్‌లో కావలసినంత చోటు.

రఘు ఖాళీ తెరకేసి చూశాడు. "బాధగా ఉంది త్రివేణీ. ఆ పని నాకు కావాలనుంది."

"ఉంటుంది. నాకూ ఇన్నేళ్ళూ అలాగే ఉంది."

అతను తల ఊపాడు. సాఫ్ట్‌వేర్ తనే ఎక్కించి, కెమెరా సరిచేసి, ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని అనుష్కని తీసుకుని పార్క్‌కి వెళ్ళిపోయాడు. నాలుగింటికి త్రివేణి స్టార్ట్ నొక్కింది.

ఆ ఏడాది పెళ్ళిరోజున త్రివేణి ఆఫీసు నుంచి వచ్చేసరికి రఘు తలుపు తీసి ప్యాకెట్ చేతిలో పెట్టాడు. ఈసారి మెత్తగా ఉంది. విప్పితే చీర. మిడతపచ్చ రంగు, దానికి ఊదా అంచు.

"రంగు అస్సలు బాగాలేదండీ" అంది మొహం మీదే, ఆ చీరని గుండెకి అదుముకుని.