అడుగున పూసిన మెరుగు

మా బావమరిదిని ఈ జన్మలో క్షమించను. ఇంట్లో మట్టి పళ్లేలకు రంగులేసుకునే నా పిచ్చి చూసి ఇన్నాళ్లూ నవ్విన దుకాణదారు మొదటిసారి డజను పళ్లేలు కావాలన్నాడు. సాయం చేస్తానని వచ్చిన బావమరిదికి గ్లేజు, అంటే కాలిస్తే గాజులా మెరిసే పూత, పూసే పని అప్పగించాను.

కరెంటు బట్టీ కన్నంలోంచి చూస్తే, గ్లేజు కరిగి పళ్లేలు తడిసినట్టు మెరుస్తున్నాయి. అప్పుడు వాడు తీరిగ్గా టీ తాగుతూ అన్నాడు.

“అడుగున కూడా దట్టంగా పూశాలే బావా. తిరగేసినా తళతళలాడాలి.”

అడుగున గ్లేజు ఉంటే అది కరిగి, బట్టీలో పళ్లెం కింద పెట్టే పలకకు పళ్లెం అతుక్కుపోతుంది.

“అడుగు తడిగుడ్డతో తుడవమన్నాను కదరా!”

“తుడిచాను బావా. తుడిచాకే పూశాను.”

“వాడు మంచికే చేశాడు, అరవకండి,” అంది మా ఆవిడ.

ఇక ఆపినా లాభం లేదు. బట్టీ చల్లారేదాకా కాలుకాలిన పిల్లిలా దాని చుట్టూ తిరిగాను. మర్నాడు మూత తీసి ఒక పళ్లెం పట్టుకుని లాగితే పలకంతా లేచివచ్చింది. ఉలితో కొడితే రెండూ కలిసే పగిలాయి. దుకాణదారు ఇంకొకరి దగ్గర కొనుక్కున్నాడు. పళ్లేలకు, పలకలకు కలిపి నాకు పోయింది పదకొండు వేల నాలుగు వందలు.