మూడు ఎమ్మేలు

ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే చేతులు మండుతున్నాయి. మా ఆయన కోటేష్ ఏన్కూరులోని ఆఫీసుకు పోతూ గడప దగ్గర ఆగాడు.

"రేపు ఇంటర్వ్యూల మూడు ఎమ్మేలున్నయని గట్టిగ చెప్పు ఉషా. పీహెచ్‌డీ రెండేండ్లల్ల అయిపోతది. అప్పుడప్పుడు పోయొస్తే సాలు."

కళ్లు తుడుచుకోబోయి చెయ్యి ఆపుకున్నాను. "అవ్" అన్నాను.

ఆ లెక్క ఆయనదే. తెలుగు ఎమ్మే పాసైన ఏడు, మా తండాల్లో పెళ్లికూతురు ఏడుస్తూ పాడే పాటల మీద పరిశోధన చేస్తానన్నాను. "పాప చిన్నది. ఇంట్ల ఉండి దూరవిద్యల ఇంకో ఎమ్మే చెయ్యి, పీహెచ్‌డీ జల్దీ అయితది" అన్నాడు. నమ్మాను. ఒక కన్ను పొయ్యి మీది పాలపైన, ఒక కన్ను పుస్తకంపైన పెట్టి సోషియాలజీ చదివాను. అది అయ్యేసరికి మామయ్యకు పక్షవాతం వచ్చింది. "గిట్లున్నప్పుడు ఎట్ల పోతవ్? ఇంకోటి కట్టు" అన్నాడు. మామయ్యకు ఒళ్లు తుడిచి, పక్క మార్చి, ఆ మంచం పక్కనే హిస్టరీ చదివాను. ఇంటికి ఎవరొచ్చినా ఆయన గర్వంగా చెప్పేవాడు: "మా ఇంటామె మూడు ఎమ్మేలు. నేనెన్నడు సదవొద్దనలే." వాళ్లు ఆయన్ని మెచ్చుకునేవాళ్లు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేదాన్ని. జూలూరుపాడులో నేను పాఠాలు చెప్పే కాలేజీలోనూ అంతే. మీటింగుకు పెద్దలొస్తే టీలు అందించమని నాకే చెబుతారు. మామయ్య పోయాడు. పాప భార్గవి డిగ్రీకి హైదరాబాదు వెళ్లింది. వంటింట్లో ఒక్కదాన్నే ఆ పెళ్లిపాటలు సన్నగా పాడుకుంటాను. ఎవరైనా వస్తున్న చప్పుడైతే ఆపేస్తాను.

మర్నాడు యూనివర్సిటీ ఇంటర్వ్యూలో ఒక మేడం, నాకంటే చిన్నదే, ఎంతో ఇష్టంగా ప్రశ్నలడిగింది. రెండు పాటలు పాడించుకుని విన్నది. చివర్లో, "మూడు ఎమ్మేలు ఎందుకు చేశారమ్మా?" అంది.

"పీహెచ్‌డీ తొందరగా అవుతుందని, మేడం."

ఆమె నా సర్టిఫికెట్లు మళ్లీ తిరగేసింది. "అవదమ్మా. చేరడానికి ఒక్కటే చాలు. తరగతులు, ఊళ్లు తిరగడం, థీసిస్, అన్నీ అందరిలాగే మొదటినుంచి చెయ్యాలి. నాలుగైదేళ్లు పడుతుంది. మీరు మొదటి ఎమ్మే అయిన ఏడాదే రావాల్సింది."

మెత్తగానే చెప్పింది. అందుకే తట్టుకోలేకపోయాను. సీటు ఇస్తామన్నారు. థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు.

తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పొలాలు అయిపోయి అడవి మొదలైంది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఫోను తీశాను. పేర్లన్నీ పైకీ కిందికీ చూశాను. పాపకు పరీక్షలు. మా అమ్మకు చెబితే "ఏడవకు బిడ్డా, వండుకుని తిను" అంటుంది. ఫోను బ్యాగులో పెట్టేశాను. ఆయన కావాలని మోసం చేశాడా? లేదు. ఆయనకూ తెలియదు. యూనివర్సిటీకి ఒక్క ఫోను చేస్తే తెలిసేది, చేయాలనిపించలేదు, అంతే. ఇల్లు సాఫీగా నడుస్తున్నప్పుడు ఎవరు కనుక్కుంటారు? నన్ను ఇంట్లో ఉంచడానికి తర్వాతి రెండు ఎమ్మేలు సరిపోయాయి.

ఇల్లు చేరేసరికి అత్త ద్వాలి టీవీ ముందు ఉంది. ఆయన నన్ను చెప్పులు కూడా విప్పనివ్వలేదు. "ఏమన్నరు? రెండేండ్లేనా?"

అవునంటే ఆ పూట గడిచిపోయేది.

"నాలుగైదేండ్లు. రోజూ క్లాసులు. హాస్టల్ల ఉంట."

"గిన్ని సదివినంక మళ్ల మొదటినుంచా?" ఆయన ముఖం చిన్నబోయింది. "ఎమ్మెడ్ గిట్ల చేస్తే తగ్గుతదేమో కనుక్కున్నవా?" అన్నాడు.

"తగ్గదు. ఏది చేసినా తగ్గదు."

"నేనేమన్న సదవొద్దన్ననా ఉషా?"

"అనలే. ఇంట్ల ఉండి సదవమన్నవ్."

అత్త టీవీ గొంతు తగ్గించింది. ఆయన వంటింటి వైపు చూశాడు, వాళ్లమ్మ వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు.

"మరి నేనెట్ల?" అన్నాడు.

ఇన్నేళ్లలో 'నేనెట్ల' అని నేను ఎవరినీ అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది. పాపం, నేను లేకుంటే ఇల్లెట్లా నడుస్తుందో నిజంగానే ఆయనకు తెలియదు. జాలేసింది. అయినా ఆ జవాబు వెతికే పని ఆయనకే వదిలి, గదిలోకి వెళ్లి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను.