బుడంకాయ మెడ మీద కాయ

ఏయ్, ఆ కబుర్లు కాసేపు కట్టిపెట్టి ఇలా ముందుకు జరగండి. వెనకాల గుసగుసలాడేవాళ్లకి సగం కథే వినపడుతుంది, రేపు ఆ సగమే పదిమందికీ చెబుతారు. ఇది మా అక్క కూతురి కథ.

మీరు మొక్కలు కొంటున్న ఈ నర్సరీ మా అక్కా బావలదే, నేనూ ఇక్కడే పనిచేస్తాను. వాళ్ల పిల్ల ఈమధ్యే మాటలు నేర్చింది. గుండ్రంగా ఉంటుందని అందరం బుడంకాయ అంటాం. దాని తాత, అంటే బావ వాళ్ల నాన్న, రోజంతా మట్టి జల్లిస్తుంటే అది ఆయన వీపెక్కి, అందిన కుండీలోనల్లా వేలు పెట్టి నాకేది. ఒక్క నాకుడుతో ఆ కుండీకి నీళ్లు పోశారో లేదో చెప్పేసేది. నమ్మరా? ఒకసారి కొత్త ఎరువు నాకి థూ అని ఉమ్మేస్తే, బావ లారీని సరుకుతో సహా వెనక్కి పంపించేశాడు.

అలాంటి పిల్లకి దవడ కింద ఓ పక్కన వాపు వచ్చింది. నొప్పి లేదు, జ్వరం లేదు, గంతులకి తక్కువ లేదు. ముందు చిక్కుడు గింజంత, తర్వాత నిమ్మకాయంత. ఆ కబురు వీధి చివరికి చేరేసరికి గుమ్మడికాయంత. పైన చర్మం వంకాయ రంగుకి తిరిగింది.

బావ చెట్లకి అంటుకట్టే మనిషి, జేబులో చిన్న కత్తి ఎప్పుడూ ఉంటుంది. కొమ్మ మీద బుడిపె కనిపిస్తే చీల్చి చూడందే నిద్రపట్టదు. పిల్ల మెడ వంక కూడా అదే చూపు చూస్తుంటే, అక్క ఆ కత్తి లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసి, పిల్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ పిల్ల చేతికి క్షయ ఉందేమో తెలిపే సూది పొడిచి చూసింది, ఉబ్బితే అనుమానించాలట. పొడిచిన చోట కాస్త ఉబ్బింది. అంతే, ఇంట్లో కళ్లన్నీ తాత వైపు తిరిగాయి. ఆయనకి ఎప్పటినుంచో దగ్గు. ఫొటో తీసి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు, కళ్లెలోనూ ఏమీ లేదన్నారు. అక్క నమ్మలేదు.

"ఫొటోలో దగ్గు కనపడుతుందేంటి?" అంది.

తాత దుప్పటీ చెంబూ తీసుకుని కుండీల షెడ్డులోకి మారిపోయాడు. పిల్ల ఇవతల నిలబడి "తాతా, వీపు" అని చేతులు చాస్తే, అటు తిరిగి కడిగిన కుండీనే మళ్లీ కడిగేవాడు. ఆ రోజుల్లో మా కుండీల్లో మొహం చూసుకుని గడ్డం గీసుకున్నాను నేను.

డాక్టరమ్మ అన్నదేంటంటే, మెడలో ఉండే ఈ బుడిపెలు కాపలావాళ్లట. నోట్లోంచి ఏ క్రిమి దూరినా పట్టుకుని కూర్చుంటాయట. ఇది ఎవర్ని పట్టుకుందో బయటికి తీసి చూడాలంది. చిన్న గాటు పెట్టి కార్చేస్తే పోదా అని బావ ఉండబట్టలేక అడిగాడు. అలా చేస్తే పుండు మానకుండా నెలల తరబడి కారొచ్చు, తీస్తే మొత్తం తీయాలి, లేదంటే ముట్టుకోకుండా వదిలేయాలి అందావిడ. సగం కోసిన కొమ్మ నుంచి బంక ఎలా కారుతుందో బావకి తెలుసు. ఇంక కత్తి ఊసెత్తలేదు.

కాయని మొత్తంగా తీసి ల్యాబ్‌కి పంపారు. ఆ క్రిమి ఎంత బద్ధకంగా పెరిగిందంటే, దానికి తిండిపెట్టి పెంచుతున్న ల్యాబ్ అమ్మాయికి ఈలోపు పెళ్లయింది, కొడుకు పుట్టాడు, వాడు నడకలు కూడా నేర్చాడు. షెడ్డులో తాత అలాగే ఉన్నాడు.

చివరికి కబురొచ్చింది. మట్టి నాకుడే కారణమేమోనని నేను కుండీకో చిటికెడు చొప్పున మట్టి పొట్లాలు కట్టి, ఏ కుండీదో తేల్చుకుందామని అక్క వెంట వెళ్లాను.

"క్షయ కాదు, దానికి దూరపు చుట్టం. ఇంటిపేరు ఒకటే, కాపురాలు వేరు. అందుకే సూది పొడిచిన చోట ఉబ్బింది," అంది డాక్టరమ్మ. అది మట్టిలో, నీళ్లలో ఉంటుందట, ఏ జబ్బూ లేని చిన్న పిల్లలకీ ఒక్కోసారి ఇలా వస్తుందట. ఎక్కడిదో తేల్చలేమని నా పొట్లాలు నాకే ఇచ్చేసింది.

"మరి మామయ్య దగ్గు?" అంది అక్క.

"ఆయన దగ్గు ఆయనదేనమ్మా. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు."

అక్క ఇంటికి రాగానే తిన్నగా షెడ్డులోకి నడిచింది.

"తప్పు నాదే మామయ్యా. ఇంట్లోకి రండి."

"ఇంకా కుండీలున్నాయమ్మా," అన్నాడు తాత, తల ఎత్తకుండా.

"కడిగి కడిగి వాటికి అడుగులే లేకుండా చేశారు. లేవండి."

ఆయన లేవలేదు, వంగాడు. బుడంకాయ ఎక్కేసింది.

నేను కథ ముగించగానే, గులాబీ కుండీ చంకన పెట్టుకుని ఇదంతా విన్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"అంతా బాగానే ఉందిగానీ, ఆ క్రిమి తన మానాన తను మట్టిలో పడుంటే, పోయి నాకింది పిల్లే కదండీ. మరి ఆ క్రిమికెవరు క్షమాపణ చెబుతారు?"