మునగనని మొండికేసిన యుద్ధనౌక

సినిమా యుద్ధానికి సముద్రం అక్కర్లేదు. స్టూడియో వెనకాల, ఈత రానివాడు కూడా నడుంలోతున నిలబడగలిగే సిమెంటు తొట్టి చాలు. ఒక పక్క గోడంతా ఆకాశం రంగు, ఎదురుగా కెమెరా. అలల కోసం ఇద్దరు వస్తాదులు ఖాళీ డ్రమ్ముల్ని నీళ్ళలోకి తొక్కుతూ, వదులుతూ ఉంటారు. తెర మీద తెరలు లేవాలంటే తెర వెనక ఆయాసాలు లేవాలి మరి.

ఆ రోజు ముంచాల్సిన ఓడ ఒక్కటే. శత్రువుల గుండు తగలాలి, నడిమధ్య మంట లేవాలి, ఓడ ఒక పక్కకి ఒరిగి నీళ్ళలోకి పోవాలి. అన్నాళ్ళూ ఇంకొకరి కింద పొగ వదిలే పని చేసిన నాకు, ఈ ముంచుడు వ్యవహారం మొత్తం అప్పజెప్పడం అదే మొదలు. ఓడ మునిగితే నేను తేలతాను, ఓడ తేలితే నేను మునుగుతాను. దర్శకుడు పొద్దున్నే మొహం మీద చెప్పేశాడు.

"రేపట్నుంచి ఈ తొట్టి వేరే సినిమావాళ్ళది. ఇవాళ ఎండ ఉండగా ఓడ మునగలేదో, నీ పనికి వేరేవాడొస్తాడు."

ఈయన్ని అందరూ తుఫాను అంటారు. అసలు తుఫానే నయం, ముందు హెచ్చరిక ఉంటుంది.

ఓడ కట్టింది మా మామగారు, అంటే మా ఆవిడ నాన్న. జీవితమంతా చేపల పడవలు కట్టిన చెయ్యి. "మీ అంతటివాళ్ళు ఎవరున్నారు మామయ్యా" అని మునగచెట్టు ఎక్కించి తీసుకొచ్చింది నేనే. మునగచెట్టు ఎక్కినంత మాత్రాన మునగడం వంటబట్టదని అప్పుడు తోచలేదు.

కట్టడమైతే అద్భుతంగా కట్టారు. రెండు నిలువుల పొడుగు, బూడిద రంగు, ఇనప గొట్టాల ఫిరంగులు. అడుగున అరచెయ్యంత కంత, దానికో చెక్క బిరడా, బిరడాకి తీగ. మంట లేవగానే నేను గట్టు మీంచి తీగ లాగాలి. బిరడా ఊడుతుంది, నీళ్ళు ఎక్కుతాయి, నా కడుపులోకి పాలు దిగుతాయి. ఇదీ ఏర్పాటు.

మధ్యాహ్నం దాటేసరికి నాకు కాలు నిలవడం మానేసింది. తొట్టి చుట్టూ తిరిగాను. తీగ చూశాను, మబ్బు చూశాను, మళ్ళీ తీగ చూశాను. మా ఆవిడ ఫోను చేసింది.

"నాన్న తిన్నాడా?"

"తిన్నారు."

"మరి నువ్వు?"

"నా గోళ్ళు నేను తింటున్నా. పెట్టెయ్."

తుఫాను కేక పెట్టాడు. డ్రమ్ములు లేచాయి, అలలు లేచాయి. మందు పేలింది, ఓడ మధ్యలో మంట భగ్గుమంది. తీగ లాగాను.

తీగ వచ్చింది. తీగ ఒక్కటే వచ్చింది.

ఓడ మాత్రం నెత్తిన నిప్పు పెట్టుకుని, పెళ్ళికూతురిలా నెమ్మదిగా ఊగుతూ నిలబడింది. ఓడ అని పేరు పెట్టుకున్నాక ఎప్పుడో ఒకప్పుడు ఓడాలి కదా! అబ్బే.

"కట్! ఏమయ్యా, ఏమిటది?"

నేను నీళ్ళు నమిలాను. అన్ని నీళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు ఆ మాత్రం నమలడం తప్పేం కాదు.

"మంట బాగానే వచ్చింది," అన్నాడు తుఫాను. "మిగిలింది మునగడమే. ఆ ముసలాణ్ణి అడుగు, ఏం చేశాడో!"

పొద్దున 'పెద్దాయన', ఇప్పుడు 'ముసలాడు'. ఏరు దాటాక గదా బోడి మల్లయ్య అనాలి! వీడు దాటకముందే గుండు కొట్టించాడు.

మామగారు నీడలో నిలబడి తువ్వాలు నలుపుతున్నారు.

"మామయ్యా, బిరడా ఎందుకు రాలేదు?"

"పొద్దున నీళ్ళలో వేసి చూశా అల్లుడూ. బిరడా చుట్టూ చెమ్మ దిగుతోంది."

"దిగితే?"

"దిగితే ఏమిటయ్యా? పడవలోకి నీరు దిగుతుంటే చూస్తూ ఊరుకుంటారా ఎవరైనా? నూలు కూరి గుగ్గిలం పూశా."

"అది మునగాల్సిన ఓడ మామయ్యా!"

"తెలుసు. కూరేటప్పుడు గుర్తు రాలా."

గోడ నీడ తొట్టి అంచు దాకా వచ్చేసింది. తుఫాను వాచీ చూసి, ఎవరికో ఫోను చేయడానికి పక్కకి వెళ్ళాడు. ఎవరికో నాకు తెలుసు. నాకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి.

"కొంప ముంచారు మామయ్యా. ఓడని తప్ప అన్నిటినీ ముంచారు."

ఆయన సంచిలోంచి ఉలి, సుత్తి తీసుకుని తొట్టిలోకి దిగారు.

"గోడ వైపు నించుంటా. పొగ బాగా వదులు, నేను కనబడను. ఒరగగానే నీళ్ళ కిందనుంచే జారుకుంటా."

తుఫానుని ఫోను మధ్యలో ఆపించాను. డ్రమ్ములు లేపించాను. పొగ వదిలాను, ఆ పని నా రక్తంలోనే ఉంది. ఓడకి అవతల ఉలి మీద సుత్తి దెబ్బ వినిపించింది. ఇంకోటి. ఆ తర్వాత ఏమీ లేదు.

ఎండ జారిపోతోంది. కెమెరా తిరుగుతోంది. తుఫాను నా వైపు తిరిగాడు. గట్టు మీద నేను ఒంటికాలి మీద గెంతుతున్నాను.

"మామయ్యా!" గొంతు పైకి రాకుండా అరిచాను. "కొట్టండి!"

"కొడుతున్నానయ్యా," అవతలనించి వచ్చింది గొంతు. "చెయ్యి కాస్త మొరాయించింది."

దెబ్బ పడింది. గుడగుడమంది. ఓడ నెమ్మదిగా ఒరిగింది, ఫిరంగులు నీళ్ళు తాగాయి, ముక్కు పైకి లేచి ఒక క్షణం ఆగి, జెండాతో సహా కిందకి పోయింది. బుడగలు మిగిలాయి.

"కట్! ఓకే!"

చప్పట్లు మోగాయి. మామగారు గోడ మూలన పైకి తేలి, మొహం తుడుచుకోకుండా బుడగలకేసి చూస్తూ నిలబడ్డారు. తుఫాను గట్టు మీంచి వంగి చెయ్యి అందించాడు.

"అద్భుతం పెద్దాయనా! వచ్చే సినిమాలో ఇంకా పెద్ద ఓడ, ముంచుదాం. మీరే కట్టాలి."

"కట్టడం వరకైతే పిలవండి బాబూ. ముంచడానికి మా అల్లుడున్నాడు. పిల్లనిచ్చిన రోజే చూశా, ఆ పనిలో వాడికి చెయ్యి తిరిగింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా పని నిలిచింది కాబట్టి. మామగారు మాత్రం తుఫాను చెయ్యి అందుకోలేదు. తొట్టి మధ్యకి నడిచి, వంగి అడుగున తడమడం మొదలుపెట్టారు.

"మామయ్యా, అయిపోయిందిగా! ఇంక దాంతో పని లేదు, వదిలెయ్యండి!"

"ముక్కు పట్టుకో అల్లుడూ."

ముక్కు మూసుకుని దూకమంటున్నారేమోనని, బూట్లతో సహా దూకేశాను. ఆయన చూపించింది ఓడ ముక్కు. ఇద్దరం ఎత్తాం. ఇంటెడు బరువుంది. నల్లగా కాలిన నడుముతో ఓడ పైకొచ్చింది, అడుగు కంతలోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. మామగారు ఆ కంతకి అరచెయ్యి అడ్డం పెట్టారు.

"నీళ్ళు బయటికి పోవాలి మామయ్యా, చెయ్యి తియ్యండి."

"అవును కదూ," అని తీశారు.

రెండడుగులు వేశామో లేదో, మళ్ళీ పెట్టారు.