అరవై దగ్గర సున్నా

మా ల్యాబులో ఫిల్ములు పెంచేది మా ఆవిడ, కొలిచేది నేను. ఇనుమూ సెలీనియమూ కలిపి, వెంట్రుకలో వెయ్యో వంతు మందాన, గాజుముక్కలాంటి పలక మీద పొరగా పరుస్తుంది. ఆ పొరని బాగా చల్లబరిస్తే ఒకచోట కరెంటుకి అడ్డన్నదే ఉండదు; నిరోధం సున్నా అయిపోతుంది. ఎంత తక్కువ చలికి అది జరిగితే అంత గొప్ప. మామూలుగా ఎనిమిది కెల్విన్ దాకా దిగాలి. సోమవారం నాకు అరవై దగ్గరే సున్నా వచ్చింది.

ఆగానా? నా నోట్లో నువ్వుగింజ నానదు. ప్రొఫెసర్ గారికి చెప్పాను, పక్క ల్యాబు వాళ్ళకి చెప్పాను, కాఫీ మిషను దగ్గర నించున్న ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పాను. చివరికి అత్తయ్యకి ఫోన్ చేశాను.

"అవన్నీ నాకేం తెలుస్తాయి బాబూ! దాని ఉద్యోగం ఉంటుందా, అది చెప్పు," అందావిడ.

"మీ అమ్మాయిని కదిపేవాడు ఇంకా పుట్టలేదత్తయ్యా!"

మా ఆవిడ కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని తేల్చడానికి శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. చూపించడానికి తన దగ్గరున్నది ఆ ఒక్క ఫిల్మే. ఆ ఉద్యోగం నిలబడాలని నా కోరిక, ఒట్టు. కాకపోతే నిలబెట్టింది నేనేనని నలుగురూ అనుకోవాలని కూడా ఉంది.

"మొబిలిటీ కొలిచావా?" అంది తను మంగళవారం. కరెంటు మోసే కణాలు ఫిల్ములో ఎంత సులువుగా కదులుతున్నాయో చెప్పే లెక్క అది. ఏడాదిగా సెలీనియం పాళ్ళు మార్చి మార్చి తంటాలు పడింది ఆ సంఖ్య కోసమే.

"అరవై వచ్చాక మొబిలిటీ ఎవడిక్కావాలి?"

"నాకు కావాలి."

గురువారం పొద్దున పోరు పడలేక, ఆ లెక్కకి కావలసిన అయస్కాంతం ఆన్ చేసి కూర్చున్నాను. యాభై దగ్గర వోల్టేజీ సున్నా. భేష్, సూపర్ కండక్టరంటే అంతే మరి! కరెంటు పదింతలు చేశాను. సున్నా. నూరింతలు చేశాను. సున్నా. ఎంతటి సూపర్ కండక్టరైనా ఎక్కడో ఓ చోట చేతులెత్తేయాలి కదా. ఫిల్ములోకి అసలు ఎంత కరెంటు పోతోందో చూద్దామని మరో మీటరు తగిలించాను.

ఏమీ పోవడం లేదు.

తీగని అంటించిన వెండి పేస్టు బొట్టు చలికి పగిలి తీగని వదిలేస్తోంది, వేడెక్కగానే మళ్ళీ పట్టుకుంటోంది. వాల్వు కట్టేసి, పైపులో ఎక్కడా లీకు లేదని చంకలు గుద్దుకున్నానన్నమాట. ఆ బొట్టు పెట్టిన ఘనుణ్ణీ నేనే. పప్పులో కాలేయడం కాదు ఇది, నడుం దాకా దిగబడటం.

తను సెమినారు గదిలో ఖాళీ కుర్చీల ముందు మర్నాటి ప్రసంగం చెప్పుకుంటోంది. తెర మీద మొదటి బొమ్మే నా అరవై. సంగతి చెప్పాను. చెడామడా తిడుతుందనుకున్నాను. ఆ బొమ్మ తీసేసి, "పద, ఈసారి బొట్టు నేను పెడతాను," అంది.

మధ్యాహ్నం మళ్ళీ చల్లబరిచాం. అరవై ఏ హడావిడీ లేకుండా దాటిపోయింది. పన్నెండు దగ్గర ఆగి మొబిలిటీ లెక్కగట్టాం. కిందటి ఫిల్ము కంటే మూడింతలు! నమ్మలేక మళ్ళీ కొలిచాం, అంతే వచ్చింది. తర్వాత ఎనిమిది దగ్గర నిరోధం బుద్ధిగా సున్నా అయింది.

శుక్రవారం కమిటీ పెద్దాయన మొదటి ప్రశ్నే, "అరవై అన్నారే, ఏదమ్మా?" అని.

వెనక వరసలోంచి లేచాను. "అది ఫిల్ము కాదండీ, నేను ఊడగొట్టిన తీగ."

గదంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. ఆ తర్వాత తను మొబిలిటీ చూపించింది. నవ్వులు ఆగాయి, ప్రశ్నలు మొదలయ్యాయి. గంట తిరక్కుండానే కాంట్రాక్టు పొడిగించారు.

వరండాలో తనని పట్టుకుని, "చూశావా, అత్తయ్యతో నేనన్న మాటే నిజమైంది!" అన్నాను. ఏం చేస్తాం, పుట్టుకతో వచ్చిన బుద్ధి.

తను కళ్ళు తుడుచుకుంటోంది. సంతోషమే అనుకున్నాను.

"సోమవారం నుంచీ ఆ మొబిలిటీ ఆ ఫిల్ములోనే ఉంది," అంది. "ఊరందరికీ చెప్పడానికి తీరింది నీకు. నేను ఏడాది చేసిన పని ఒక్కసారి చూడ్డానికి తీరలేదు."