లేని కుక్కకు అద్దె

డెస్మండ్ ఆగ్డెన్ ముప్పై ఏళ్లు రాదరమ్ సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాడు. టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి వాసన పట్టి పట్టుకుంటాడని పేరు. అదే మనిషి వేసవిలో కారుకు కారవాన్, అంటే చక్రాల మీది ఇల్లు, తగిలించుకొని బయల్దేరాడంటే చాలు, కారవాన్లు ఆపుకునే ఏ సైటులో ఏ రుసుము ఎలా ఎగ్గొట్టాలా అన్నదే ధ్యాస. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో ముప్పై నాలుగేళ్లు కాపురం చేసిన ఏవిస్‌కే అంతు చిక్కలేదు, ఇక మనకేం చిక్కుతుంది.

కారవాన్ పక్కన కట్టుకునే గుడారానికి నాలుగు పౌండ్లు అదనం అన్నారు ఒక సైటులో. సైటు చూసుకునే వార్డెన్ భోజనానికి వెళ్లాక కట్టడం, ఆయన నిద్ర లేవకముందే విప్పడం. చెప్పడానికి ఇదంతా డెస్మండ్ ఘనకార్యమే గానీ, తెల్లారగట్ల అయిదింటికి నైటీ మీద కోటు వేసుకొని, చలికి వణుకుతూ కర్రలు పట్టుకొని నిలబడేది ఏవిస్. ఇంకో సైటులో మనిషికింత అన్నారు. గేటు దాటేదాకా ఆవిణ్ణి కారు వెనక సీటులో దుప్పట్ల కింద పడుకోబెట్టాడు. అప్పటికావిడ రెండు వందల మంది పిల్లలున్న బడికి హెడ్మిస్ట్రెస్.

రిటైరైన రోజు కేకు కోస్తూ డెస్మండ్ అందరి ముందూ ఒక మాటన్నాడు. "ఇక నాకు పనేం లేదు. మా ఏవిస్ పక్కన కూర్చోవడమే." అందరూ చప్పట్లు కొట్టారు. ఏవిస్ కళ్లు తుడుచుకుంది. రెండేళ్లు గడిచాయి. ఆవిడ పక్కన ఆయన కూర్చున్నది ఇప్పటిదాకా డ్రైవింగ్ సీటులోనే.

అందుకే ఈ జూలైలో సైటు ఏవిసే వెతికింది. పెంబ్రోక్ తీరాన, కొండ అంచున, మెరెరిడ్ ప్రాసర్ అనే ఆవిడ నడిపే చిన్న సైటు. బయల్దేరే ముందు కారు తాళాలు చేతికిస్తూ మొగుడితో ఉన్న మాట చెప్పేసింది.

"చూడు డెస్మండ్, కారవాన్ నా పేరు మీద ఉంది, మా పిన్ని డబ్బుతో కొన్నది. పక్కింటి గోర్డన్ ఎప్పట్నించో కొంటానంటున్నాడు. ఈ వారంలో ఒక్కటంటే ఒక్క గంట నా పక్కన కుదురుగా కూర్చో. లేదంటే వచ్చాక కారవాన్ తాళాలు గోర్డన్‌కి ఇచ్చేస్తా."

"ఓస్, గంటేనా!" అన్నాడు డెస్మండ్. ఆ కారవాన్ అంటే ఆయనకు ప్రాణం. దాని చక్రాలకు గాలి కొట్టేటప్పుడు ఈలపాట పాడతాడు.

సైటు ఆఫీసు తలుపు మీద ధరల బోర్డు ఉంది. ఒకటే ముక్క: రోజుకు ముప్పై ఎనిమిది పౌండ్లు, అన్నీ కలిపి. డెస్మండ్ అది రెండుసార్లు చదివాడు. బోర్డు వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"గుడారానికెంత?" అన్నాడు లోపలికెళ్లి.

"అందులోనే," అంది మెరెరిడ్.

"కరెంటుకి?"

"అందులోనే."

"వేణ్ణీళ్ల షవరుకి నాణెం వెయ్యాలా?"

"అక్కర్లేదండీ, అదీ అందులోనే. కుక్కని తెచ్చుకున్నా అందులోనే."

"మాకు కుక్క లేదు."

"ఫరవాలేదు. లేకపోయినా రావొచ్చు."

"అది కాదమ్మా. లేని కుక్కకి అద్దె కడుతున్నామా అని."

మెరెరిడ్ ఏవిస్ వైపు చూసింది. ఏవిస్ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది.

ఆ సాయంత్రమంతా డెస్మండ్ పన్ను ఊడిన చోట నాలుకతో తడుముకునేవాడిలా తిరిగాడు. ఎగ్గొట్టడానికి ఏమీ లేదు. గుడారం పట్టపగలు కట్టాడు, ఎవరూ ఏమనలేదు. ఏవిస్‌కి ప్రాణం లేచొచ్చింది. రెండు కుర్చీలు పక్కపక్కనే వేసి, టీ కాచి, బిస్కెట్ల డబ్బా మూత తీసి పిలిచింది. డెస్మండ్ వచ్చాడు గానీ కూర్చోలేదు.

"అన్నీ కలిపి అన్నారు కదా ఏవీ. అయితే అన్నీ వాడుకోవాలి. లేకపోతే మనకు నష్టం."

మర్నాడు మొదలైంది. పొద్దున ఒక షవరు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. మంగళవారానికి మనిషి నానబెట్టిన శనగలా ఉబ్బాడు. జూలై ఎండలో కారవాన్‌లో హీటరు వేసి తలుపులు తెరిచి పెట్టాడు. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాడు, ఎందుకంటే వాషింగ్ మెషీను కూడా అందులోనే. చివరికి పక్క కారవాన్‌లో ఉన్న టఫిన్ అనే ఒంటరి ముసలాయన దగ్గర కుక్కను కూడా బదులు తెచ్చుకున్నాడు. దాని పేరు పుడ్డింగ్. పొట్టి కాళ్లది, ఒళ్లు బరువుది. దాన్ని రోజుకు నాలుగుసార్లు కొండ ఎక్కించి దించాడు.

"మీ ఆయన చాలా మంచాయన," అన్నాడు టఫిన్ ఏవిస్‌తో. "కానీ మా పుడ్డింగ్ ఆయన కనబడితే మంచం కిందికి దూరుతోందమ్మా."

గురువారం పొద్దున ఏవిస్ ఆఫీసుకెళ్లింది. మెరెరిడ్ గుడ్లు తుడిచి అట్టపెట్టెల్లో సర్దుతోంది.

"ఏవిస్ గారూ, ఒక మాట అడుగుతా, దాచకుండా చెప్పండి. నా ధర బాలేదా? మొహం మీద ఎవరూ ఏమీ అనరు. వెళ్లేటప్పుడు బ్రహ్మాండంగా ఉందండీ అని చెయ్యూపి పోతారు, ఇంటికెళ్లి ఇంటర్నెట్లో తీరిగ్గా ఉతికి ఆరేస్తారు. మీ ఆయనే నయం, వచ్చిన రోజే అడిగేశాడు."

"మీ ధర బంగారంలా ఉందండీ. స్పష్టంగా ఉంది, చౌకగా ఉంది. ఖర్మ కాలి మా ఆయనకు అదే పడలేదు." ఏవిస్ కుర్చీలో కూలబడింది. "ఊరికే ఇస్తే అరిగిపోయేదాకా వాడతాడు. డబ్బడిగితే ఎగ్గొట్టైనా దక్కించుకుంటాడు. నా పక్కన కూర్చోవడానికి మాత్రం ధర లేదు కదా, అందుకే అది ఆయన లెక్కలోకి రావట్లేదు."

ఆ మాట అన్నాక ఆవిడే ఆగింది. మెరెరిడ్ కూడా గుడ్డు చేత్తో పట్టుకొని అలాగే ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అరవై దాటిన ఆడవాళ్లిద్దరూ బడి ఎగ్గొట్టే పిల్లల్లా కిసుక్కున నవ్వారు.

"కొండ అంచున బెంచీ ఉందిగా," అంది మెరెరిడ్. "డబ్బా పెడదాం. పడ్డ డబ్బులు సముద్రంలో మునిగేవాళ్లని కాపాడే పడవ వాళ్లకి ఇచ్చేస్తా. అబద్ధమాడినా పుణ్యమే వస్తుంది."

పావుగంటలో బోర్డు తయారైంది. రాసింది ఏవిసే, అచ్చు అక్షరాల్లో: సముద్రం బెంచీ, గంటకు ఒక పౌండు.

దాన్ని చూడగానే డెస్మండ్ మొహం వెలిగిపోయింది. "అనుకున్నా! అన్నీ కలిపి అన్నప్పుడే అనుకున్నా!" అంటూ టఫిన్ కుక్కను వెనక్కిచ్చేశాడు. హీటరు ఆపేశాడు. టఫిన్, పుడ్డింగ్ ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

"ఏవీ, ఆవిడ నాలుగింటికి కోళ్ల దగ్గరికి పోతుంది. అప్పుడు కూర్చుందాం పద."

కూర్చున్నారు. కానీ అదేం కూర్చోవడం! బెంచీ అంచున సగం ఆనించి, మెడ ఆఫీసు వైపు తిప్పి, తలుపు చప్పుడైతే లేచి పొద చాటుకు పోయి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, మళ్లీ వచ్చి. ఏవిస్ ఒక మాట మొదలుపెట్టి పూర్తి చేసేలోపు ఆయన మూడుసార్లు లేచాడు. ఇరవై నిమిషాలకు ఆవిడే లేచి వెళ్లిపోయింది. "ఇరవై నిమిషాలు! పైసా కట్టలేదు!" అని వెనకాల డెస్మండ్ మురిసిపోతున్నాడు.

ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. బెంచీకి రెండడుగుల పక్కన మడత కుర్చీ వేసుకుంటే అదే సముద్రం ఊరికే కనబడుతుంది. అందరి దగ్గరా మడత కుర్చీలున్నాయి. అయినా శుక్రవారం పొద్దునకు బెంచీ దగ్గర వరుస కట్టారు జనం. బోర్డుంది, డబ్బా ఉంది, ముందొక మనిషి నిలబడ్డాడు. ఇక ఈ దేశంలో ఎవరూ ఎందుకని అడగరు, వెళ్లి వెనక నిలబడతారు. మెరెరిడ్ తల పట్టుకుంది. "బోర్డు తీసేద్దామని వెళ్తే, సాయంత్రానికి ముందే బుక్ చేసుకోవచ్చా అని ఒకాయన అడిగాడండీ," అంది ఏవిస్‌తో.

ఏవిస్‌కి నవ్వు రాలేదు. రేపే ప్రయాణం. మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే వెళ్లి వరుసలో నిలబడింది. తన వంతు వచ్చాక డబ్బాలో ఒక పౌండు వేసి బెంచీ మీద కూర్చుంది. సముద్రం బాగానే ఉంది. ఆవిడకు మాత్రం ఏడుపొచ్చింది.

డెస్మండ్ పొద చాటు నుంచి వచ్చాడు. "డబ్బు కట్టావా?" అన్నాడు గుండె మీద చెయ్యేసుకొని.

"కట్టాను."

"నాతో ఒక్క మాటంటే ఊరికే కూర్చోబెట్టేవాణ్ణిగా!"

"కూర్చోబెడతావు. నువ్వు పొద చాటున కాపలా ఉంటావు." ఏవిస్ గొంతు పెంచలేదు. "ఇన్నేళ్లూ నువ్వు మిగిల్చిందంతా సైటు వాళ్ల దగ్గర్నించి కాదు డెస్మండ్, నా దగ్గర్నించి. నాలుగు పౌండ్లు మిగిలిన చోట నా నిద్ర పోయింది. అయిదు మిగిలిన చోట దుప్పట్ల కింద నాకు ఊపిరాడలేదు. నీ పక్కన కూర్చోవాలని నాకు ఆశగా ఉండేది. ఇక అడగను. రేపు గోర్డన్‌కి తాళాలిచ్చేస్తా. కోపంతో కాదు, అలిసిపోయాను."

వరుసలో ఉన్న ఏడుగురూ ఒక్కసారిగా ఆకాశంలో మబ్బులు ఎలా ఉన్నాయో చూడసాగారు.

డెస్మండ్ బోర్డు వైపు చూశాడు. పాత అలవాటు నోటిదాకా వచ్చింది. "బెంచీకి పౌండు అని ఉంది. మనిషికి అని లేదు." ఏవిస్ కళ్లు మూసుకుంది. నిజానికి ఆయన వాదన సరైనదే, నిలబడితే గెలిచేవాడు. కాసేపు నిలబడ్డాడు కూడా. తర్వాత జేబులోంచి పర్సు తీశాడు. దాని జిప్పు బిగుసుకుపోయి ఉంది, రెండుసార్లు లాగాడు. డబ్బాలో నాణెం పడింది.

వరుస తప్పి వచ్చాడని ముందున్నావిడ దగ్గింది. ఇక్కడివాళ్లకు అంతకు మించిన తిట్టు లేదు.

"మా ఆవిడతో వచ్చానండీ," అన్నాడు డెస్మండ్. వచ్చి కూర్చున్నాడు, వెనక్కి ఆనుకొని, వీపంతా ఆనించి. గడియారం చూసుకున్నాడు. "రెండూ పదిహేను."

రెండున్నరకు చినుకులు మొదలయ్యాయి. వరుస కదల్లేదు. రెండూ నలభైకి కుండపోతగా పట్టుకుంది. అప్పుడు వరుస కూడా ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటూ చెదిరింది. ఏవిస్ లేవబోయింది.

"ఎక్కడికి?" అన్నాడు డెస్మండ్ కోటు విప్పి ఇద్దరి తలల మీదా కప్పుతూ. "కట్టిన డబ్బుకు ఇంకా ముప్పై అయిదు నిమిషాలుంది."

ఆ కోటు కింద ఏం మాట్లాడుకున్నారంటే, ఏమంత లేదు. ఆవిడ మోకాలి నొప్పి గురించి, టఫిన్ భార్య ఎప్పుడు పోయి ఉంటుందో అన్న దాని గురించి. ఏవిస్‌కి సంతోషంగా ఉంది. ఎంత సంతోషంగా ఉందంటే, దాచుకోలేక చెప్పేసింది.

"ఆ బోర్డు నేనే రాశాను. బెంచీకి డబ్బేమీ లేదు."

డెస్మండ్ మొహం మీంచి వాన నీళ్లు కారుతున్నాయి. చాలాసేపు బోర్డు వైపే చూశాడు. "అంటే... ఇది ఊరికేనా?"

"అందులోనే."

ఆయన గడియారం చూసుకున్నాడు. మూడూ పదిహేను. గంట నిండింది. కోటు ఆవిడ భుజాల మీద వదిలేసి లేచాడు. డబ్బా వైపు నడిచాడు. తన పౌండు వెనక్కి తీసుకుంటాడని ఏవిస్‌కి తెలుసు, ముప్పై నాలుగేళ్ల కాపురం మరి. మొహం తిప్పుకొని సముద్రం వైపు చూసింది.

వానలో ఆవిడకు చప్పుడు స్పష్టంగానే వినబడింది. డబ్బాలో ఒక నాణెం పడింది. ఆ వెంటనే ఇంకొకటి.