కూల్ చేసిన ఇల్లు

పాలకొల్లులో విజయ్ పాల్ గుమస్తాగా ఉన్న హైస్కూలు ఆఫీసులో ఒకప్పుడు ఫైళ్ళకన్నా శ్లేషలే ఎక్కువ కదిలేవి. ఆయన నోరు విప్పితే పళ్ళూడిన అటెండరు కూడా పళ్ళికిలించేవాడు. అందరికన్నా ముందు నవ్వేది మాత్రం ఇంట్లో భార్య వినీల. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. శ్లేషలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, కట్టేసినా కారే కుళాయిలా. రుచి తెలియడం లేదంతే. పన్ను పీకే ముందు మత్తుసూది పొడిస్తే దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉన్నాడు.

ఇంట్లో మిగిలింది ఇద్దరు: తను, అత్తగారు సంపూర్ణమ్మ. ఆ డాబా ఆవిడ భర్త నలభై ఏళ్ళ క్రితం కట్టించింది. కూతురి పేర రాశాడు. కూతురు పోయాక ఇల్లరికపు అల్లుడిదైంది. పాత శ్లాబు మే నెలలో మధ్యాహ్నం రెండయ్యేసరికి పెనం, కింద ఉన్నవాళ్ళు అట్లు. అత్తగారిల్లు కదా, అట్లే ఉంటుంది అనుకున్నాడు పాల్. నవ్వు రాలేదు. ఏసీ వేసీ వేసీ వేసారిపోతే, ఆ నెల కరెంటు బిల్లు నాలుగు వేలు దాటింది. అయినా అత్తగారి వీపు నిండా చెమటకాయలే.

అందుకే ఒక సోమవారం సాయంత్రం, తమ చర్చికే వచ్చే ఎజ్రాకి ఫోన్ చేశాడు. పాత ఇళ్ళలోకి వేడి దిగకుండా చేయడం అతని పని. డాబా మీద ఎండని తిప్పికొట్టే తెల్లరంగు, శ్లాబు అడుగున థర్మాకోల్ పలకలు. ధర్మాకోల్ అంటున్నావు, ధర్మానికే వేస్తావా అన్నాడు పాల్, అలవాటు కొద్దీ. ఎజ్రా నవ్వాడు. స్పీకర్లో అతని గొంతు ఇల్లంతా వినబడింది.

"ఆయ్, మీరు ఊఁ అనండి చాలు. శనివారం వచ్చి ఇల్లు కూల్ చేసేస్తామండి."

"చేసేయ్. వినీల ఉన్నప్పుడే చేయించాల్సింది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అది పాల్ చెవిన పడింది గాని మనసుకి పట్టలేదు. ఈమధ్య ఏదీ పట్టడం లేదు.

మర్నాడు సంపూర్ణమ్మ గోడల మీది ఫొటోలు దించింది. బుధవారం అటక మీది ఇత్తడి సామాను పాత చీరలో మూట కట్టింది. పనికి అడ్డు లేకుండా సర్దుతోందనుకుని, మంచి పని చేస్తున్నారత్తయ్యా అన్నాడు. ఆవిడ తలూపింది. గురువారం అన్నం వడ్డిస్తూ, దుమ్ము బాగా లేస్తుందా అని అడిగింది. రెండ్రోజులు లేస్తుంది, ఆ తర్వాత హాయి అన్నాడు. ఆవిడ ఇంకో గరిటె పెరుగు వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలల్లో వాళ్ళిద్దరూ అంతకన్నా ఎక్కువ మాట్లాడుకున్నది లేదు.

శనివారం పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. ఎజ్రా సామాను వచ్చిందనుకుని పాల్ బయటికొస్తే, ఆటో ఖాళీగా ఉంది. నిండుగా ఉన్నది వరండా. ట్రంకుపెట్టె, ఇత్తడి మూట, సంచిలో బైబిలు, పక్కన చెప్పులేసుకుని సంపూర్ణమ్మ.

"జంగారెడ్డిగూడెంలో మా చెల్లెలు అప్పాయమ్మ దగ్గరికి వెళ్తున్నాను అల్లుడుగారూ. ఇల్లు మీది, మీ ఇష్టం. ఒక్కటే అడుగుతాను. హాల్లో శ్లాబుకి కొక్కెం ఉంది చూడండి, వినీల ఉయ్యాల దానికే కట్టాను. పడగొట్టేటప్పుడు ఆ ఇనుపముక్క మాత్రం నాకు తీయించి పెట్టండి."

"ఏం పడగొట్టేటప్పుడండీ?"

"ఇల్లే. కూల్చేసేస్తామన్నాడుగా ఆ ఎజ్రా. అది బతికున్నప్పుడే చేయించాల్సిందని మీరూ అన్నారుగా."

 పాతికేళ్ళుగా మాటలు విరుచుకుని బతికిన పాల్, తన ఇంట్లో తన ఫోన్లోంచే పుట్టిన ఇంత పెద్ద శ్లేషని ఐదు రోజులు గుర్తుపట్టలేదు. ఆ ఐదు రోజులూ ఆవిడ దాన్ని దిగమింగి, ఆయనకి వండి వడ్డించింది.

"కూల్చడం కాదత్తయ్యా. కూల్. చల్లగా చేయడం. మీ వీపు చూడలేక పిలిచాను."

సంపూర్ణమ్మ బైబిలు సంచి ట్రంకుపెట్టె మీద పెట్టింది. 

"ఆ ఏడుపేదో తెలుగులో ఏడవచ్చుగా వాడు," అంది.

వినీల ఉంటే ఈపాటికి నేల మీద చతికిలబడి నవ్వుతుండేది. ఆ సంగతి ఇద్దరికీ తట్టింది.  పాల్ ఆటో అతని చేతిలో యాభై పెట్టి పంపేశాడు. ఆవిడ చెప్పులు విప్పింది.

పదింటికి ఎజ్రా వచ్చి హాల్లో పలకలు అంటించడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, ఈ కొక్కెం కోసి పారేయనా అని అడిగాడు. పాల్ వద్దన్నాడు.

"మరి చుట్టూ కన్నం వదలాలండి. అక్కణ్ణించి కాస్త వేడి దిగుద్ది."

"దిగనీ," అంది సంపూర్ణమ్మ వంటింట్లోంచి.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేసేసరికి రెండయింది. పైన రంగు ఇంకా వేయలేదు. పాల్ కుర్చీ ఎక్కి థర్మాకోల్ మీద అరచేయి ఆనించాడు. ఏమీ తెలియలేదు. తర్వాత కొక్కెం పట్టుకున్నాడు. చురుక్కుమంది.

చెయ్యి వెంటనే తీయలేదు.